నలుపు నింపితే పాత్రలన్నీ ఒకేలా ఉన్నాయి. సిల్హౌట్ (బయటి అంచుల ఆకారం) ఎక్కడ సరిచేయాలి?

ప్రశ్న:

పక్క నుంచి కనిపించే 2డి గేమ్ కోసం ఐదు పాత్రలు గీస్తున్నాను: యోధుడు, మంత్రగాడు, విల్లు పట్టిన అమ్మాయి, దొంగ, వైద్యురాలు. కాన్వాస్ మీద ఒక్కో బొమ్మ ఎత్తు 1000 పిక్సెళ్లు, గేమ్‌లో కనిపించేది 64. రంగుల్లో చూస్తే ఎవరెవరో తెలుస్తోంది. నలుపు నింపగానే మంత్రగాడు, దొంగ, వైద్యురాలు ముగ్గురూ ఒక్కటైపోతున్నారు. ముగ్గురికీ నిలువుటంగీ ఉంది. మంత్రగాడికి టోపీ, దొంగకి బాకు, వైద్యురాలికి సంచి పెట్టినా తేడా రాలేదు. ఇంకా వస్తువులు చేర్చాలా, మళ్లీ మొదటి నుంచి గీయాలా?

జవాబు 1:

వస్తువులు చేర్చకండి. ఉన్న టోపీ, బాకు, సంచి కూడా దాచేసి, ఒంటి ఆకారాన్ని మాత్రమే నలుపు చేసి చూడండి. అప్పుడూ ముగ్గురినీ విడిగా పోల్చుకోగలగాలి. మీరు తేడా అంతా పైపై వస్తువుల్లో పెట్టారు, ఒంట్లో పెట్టలేదు.

అసలు చిక్కు నిలువుటంగీ. అది కాళ్ల మధ్య ఖాళీని మింగేస్తుంది, మిగిలేది ఒక స్తంభం. ముగ్గురిలో ఒక్కరికే ఉంచండి, నా ఓటు మంత్రగాడికి. దొంగకి మోకాళ్ల పైకి కత్తిరించి కాళ్లు బయటపెట్టండి. వైద్యురాలికి నడుం దగ్గర బిగించి కింద వెడల్పు చేయండి.

తర్వాత తలల కొలత, అంటే మొత్తం ఎత్తు తల ఎత్తుకి ఎన్ని రెట్లో. అందరూ ఏడు తలల ఎత్తులో ఉంటే ఎన్ని హంగులు చేసినా దూరం నుంచి ఒకే మనిషి. మంత్రగాడిని ఎనిమిదికి సాగదీయండి, వైద్యురాలిని నాలుగున్నరకి దించండి, దొంగని ఆరు దగ్గర పెట్టి ముందుకి వంచండి.

ఇక సందుల లెక్క, చాలామంది బొమ్మలు ఇక్కడే దెబ్బతింటాయి. 1000 నుంచి 64కి దించితే ప్రతి కొలతా దాదాపు 16వ వంతు అవుతుంది. చేతికీ నడుముకీ మధ్య 15 పిక్సెళ్లు వదిలితే గేమ్‌లో అది ఒక్క పిక్సెల్, అదీ బూడిద రంగులోకి తిరిగి రెండు పక్కలతో కలిసిపోతుంది. 50 వదలండి, మూడు పిక్సెళ్లు దక్కుతాయి. బాకు వెడల్పు కూడా 45కి తగ్గకూడదు. దాన్ని ఒంటి ముందు కాకుండా, వీపు వెనక్కి పొడుచుకొచ్చేలా పట్టించండి.

జవాబు 2:

సందుల లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ దొంగని వంచడమంటే భంగిమ మార్చడమే, డిజైన్ మారదు. నిలబడినప్పుడు వంగి ఉంటాడు, గెంతినప్పుడు ఒళ్లు సాగుతుంది, తేడా పోతుంది. మెడ ముందుకి పొడుచుకుని ఉండటం, పొట్టి మొండెం, మోకాళ్ల దాకా వచ్చే చేతులు, ఇలాంటివైతే ఏ ఫ్రేమ్‌లోనూ పోవు. నిలబడటం, పరుగు మధ్యలో, గెంతు, దెబ్బ తిన్నప్పుడు: ఈ నాలుగు ఫ్రేములూ నలుపులో చూడకుండా డిజైన్ ఖాయం చేయకండి.

ఇంకో మాట. మీ పరీక్ష ఎదుటి నుంచి గీసిన బొమ్మల మీద చేస్తున్నారా? అలాగైతే అది మీ గేమ్‌కి పనికిరాదు. యోధుడి డాలు ఎదుటి నుంచి పెద్ద చక్రం, పక్క నుంచి సన్నటి పట్టీ. విల్లు సరిగ్గా దీనికి తలకిందులు: ఎదుటి నుంచి గీతలా కనిపించేది పక్క నుంచి పూర్తి వంపుతో కనిపిస్తుంది. ఐదుగురినీ పక్క చూపులో, ఒకే నేల గీత మీద నిలబెట్టి పోల్చండి.

నలుపు నింపే పద్ధతి: ఒక్కో పాత్ర లేయర్లన్నీ ఒక గ్రూపులో పెట్టి, పైన నల్ల లేయర్‌ని ఆ గ్రూపుకి క్లిప్ చేయండి, అప్పుడు నలుపు బొమ్మ ఉన్నంత మేరే పడుతుంది. ఆ లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే నలుపు, మళ్లీ నొక్కితే రంగులు. గీతలు మాత్రమే ఉన్న స్కెచ్ అయితే గీతలే నల్లబడి లోపల ఖాళీగా ఉంటుంది, ముందు అడుగున ఒక నిండు రంగు వేసుకోవాలి. మెత్తటి బ్రష్ వద్దు, అంచులు మసకబారితే సందు ఉందో లేదో తేలదు.

ప్రశ్న అడిగినవారు:

నిలువుటంగీ సంగతి అర్థమైంది. మంత్రం వేసేటప్పుడు మంత్రగాడి చేతులు రెండూ ఛాతీకి అడ్డంగా వస్తాయి, కథకి ఆ ముద్ర తప్పదు. నలుపులో అది ఏమీ కనిపించదు. ఏం చేయాలి?

జవాబు 3:

ప్రతి భంగిమా నలుపులో నెగ్గాలన్న పట్టుదల అక్కర్లేదండీ. ఒంటి లోపల జరిగేదాన్ని వెలుగు నీడల తేడాతో చూపించాలి. ఛాతీ వెలుగు 25 శాతం దగ్గర ఉంచి, చేతులు, చొక్కా చేతులు 70 దాకా తీసుకెళ్లండి. టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే షూటింగ్ గేమ్‌లో, 2007లో, ఇలాగే పని పంచారు: తొమ్మిది తరగతుల ఆటగాళ్లని సిల్హౌట్‌తో, జట్టుని రంగుతో పోల్చుకుంటాం, చేతిలోని ఆయుధం వైపు చూపుని ఛాతీ ఎత్తులో పెట్టిన కాంట్రాస్ట్ లాగుతుంది.

ఈ వెలుగు నీడల తనిఖీకి శాచురేషన్ (రంగు గాఢత) సున్నా చేయకండి, పసుపూ నీలమూ ఒకే బూడిద రంగుగా కనిపించి మోసం చేస్తాయి. అన్నిటికన్నా పైన నల్ల లేయర్ వేసి దాని బ్లెండ్ మోడ్‌ని (కింది లేయర్లతో కలిసే తీరుని) 'కలర్'కి మార్చండి. 64 పిక్సెళ్ల దగ్గర చేతులు ఇంకా కలిసిపోతుంటే, వేళ్లు విడిగా గీయడం మానేసి అరచేతిని ఒకే ముద్దగా, ఛాతీ అంచు దాటి 60 పిక్సెళ్లు ముందుకి జరపండి. ముద్ర చెడదు, నలుపులో కూడా నాలుగు పిక్సెళ్ల మేర బయటికి కనిపిస్తుంది.