కబడ్డీ ఆడే పిల్లగానికి ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలె?

అన్నలూ అక్కలూ, మాది మిర్యాలగూడ దగ్గర. మా పిల్లగాడు ఎనిమిదో తరగతి, కబడ్డీల సెలెక్ట్ అయిండు, నల్లగొండకు జిల్లా ఆటలకు పోవాలంటే హెల్త్ ఇన్సూరెన్స్ కాగితం తెమ్మని పీఈటీ సార్ అన్నడు. మాకు రేషన్ కార్డు ఉంది, ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా వస్తదని తెలుసు, కానీ నిరుడు గ్రౌండ్ల పడి మణికట్టు ఇరిగితే పొద్దున పోయి కట్టు కట్టించుకొని సాయంత్రానికి ఇంటికొచ్చినం, అడ్మిట్ కాలేదు కాబట్టి ఎక్స్‌రే, కట్టు పైసలన్నీ మేమే పెట్టుకున్నం. ఇప్పటికీ రెయిడ్‌కు పోయేటప్పుడు ఆ చెయ్యి ఎనకకు దాచుకుంటడు, చూస్తే పాణం గుంజుతది. ఆరోగ్యశ్రీ చూపిస్తే సరిపోతదా, లేకపోతే వాని పేరు మీద యాక్సిడెంట్ పాలసీ వేరే తీసుకోవాల్నా? అడ్మిట్ కాకున్నా కట్టు ఖర్చు ఇచ్చే పాలసీ ఎవరన్నా తీసుకున్నరా? వాని ఆట మాన్పించుడు మాత్రం నాతోని కాదు, జర చెప్పుండ్రి.