బంగారు నానోకణాలు కలిసిన రక్తం, 100 మైక్రాన్ల ఛానెల్: ఏ విలువలు పెట్టాలి?

ప్రశ్న: లావణ్య_గణితం

నమస్కారమండీ. అప్లైడ్ మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. రెండు సమాంతర పలకల మధ్య బంగారు నానోకణాలు కలిసిన రక్తం పారుతుంటే వేగం, ఉష్ణోగ్రత ఎలా మారతాయో లెక్కకట్టాలి. నేను చదివిన పేపర్లలో దాదాపు ఒకటే వరస: కేసన్ ద్రవం (కొంత బలం పడితేగానీ పారని ద్రవానికి నమూనా), కణాల ఘనపరిమాణ భిన్నం ఫై 0.04 దాకా, అయస్కాంత పరామితి (అయస్కాంత క్షేత్రం ప్రవాహాన్ని ఎంత అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) 1 నుంచి 5, మ్యాట్‌ల్యాబ్‌లోని బీవీపీ4సీ సాల్వర్‌తో సాధన. మా గైడ్ గారేమో "ఈ అంకెలు ఏ నాళానివో ముందు చెప్పమ్మా" అన్నారు. ల్యాబ్ వైపు తెలిసినవాళ్లెవరూ లేరు. నిజమైన విలువలు ఎవరైనా చెప్తారా?

జవాబు: మూర్తి_విస్కోమీటర్

మీ గైడ్ గారు అడగాల్సిందే అడిగారమ్మా. నేనూ మ్యాథ్స్ నుంచే వచ్చాను. ఆ తర్వాత చాలాకాలం ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ట్యూబుల్లో వచ్చే రక్తాన్ని కోన్-ప్లేట్ విస్కోమీటర్‌లో పెట్టి స్నిగ్ధత (చిక్కదనం) కొలవడమే నా పని.

ముందు ఫై సంగతి చూడండి. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఫై 0.01 అంటే అందులో 50 మిల్లీలీటర్ల బంగారం. సాంద్రత 19.3 కాబట్టి 965 గ్రాములు. 0.04 అయితే నాలుగు కిలోలకు దగ్గర! 2004లో ఎలుకల మీద చేసిన ఎక్స్‌రే చికిత్స ప్రయోగంలో కిలో బరువుకు 2.7 గ్రాముల దాకా బంగారం ఎక్కించారు. అంత పెద్ద మోతాదుకు కూడా ఫై 0.002 దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు మాక్స్‌వెల్ సూత్రం వేయండి. బంగారం ఉష్ణవాహకత రక్తం కంటే వందల రెట్లు ఎక్కువ కాబట్టి, మిశ్రమం వాహకత దాదాపు 1 + 3 ఫై రెట్లు అవుతుంది. ఫై 0.001 అయితే పెరిగేది 0.3 శాతం. గ్రాఫులో గీతలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. మరి నానోకణాలు ఎందుకంటారా? అవి అక్కడే వేడి పుట్టిస్తాయి. 800 నానోమీటర్ల లేజర్‌ను పీల్చేలా చేసిన బంగారు నానోకడ్డీలు వెలుగును వేడిగా మారుస్తాయి. మీ శక్తి సమీకరణంలో ఆ ఉష్ణజనక పదం తప్పకుండా ఉండాలి. నా దృష్టిలో అసలు సమస్య అదే.

అయస్కాంత పరామితి కూడా అంతే. రక్తం విద్యుద్వాహకత మీటరుకు 0.7 సీమెన్స్ ప్రాంతం. 1 టెస్లా క్షేత్రం, 1 మిల్లీమీటర్ నాళం తీసుకుంటే హార్ట్‌మన్ సంఖ్య (స్నిగ్ధత ముందు అయస్కాంత బలం ఎంతో సూచించేది) 0.014. మీ 100 మైక్రాన్లకు అందులో పదోవంతు. ఆ పదం తీసేయవచ్చు.

ఇక కేసన్. 1959లో ఆయన ఆ సమీకరణం రాసింది ప్రింటింగ్ ఇంకుల కోసం. రక్తానికీ బాగానే కుదిరింది. అయితే చాలా పేపర్లలో స్నిగ్ధతను 1 + 1/బీటాతో గుణించి, బీటా అనే ఆ కేసన్ పరామితిని స్థిరాంకంగా ఉంచేస్తారు. అప్పుడు సమీకరణంలో మిగిలేది కాస్త చిక్కటి న్యూటనీయ ద్రవమే (షియర్‌తో స్నిగ్ధత మారనిది), ఈల్డ్ స్ట్రెస్ (పారడం మొదలవడానికి కావలసిన కనీస స్ట్రెస్) ఎక్కడా పనిచేయదు. రక్తం ఈల్డ్ స్ట్రెస్ సుమారు 0.005 పాస్కల్. మీ ఛానెల్‌లో సగటు వేగం సెకనుకు 1 సెంటీమీటర్ అనుకుంటే గోడ దగ్గర షియర్ రేటు (దూరంతో వేగం మారే రేటు) సెకనుకు 600, స్ట్రెస్ 2 పాస్కల్స్. గడ్డకట్టినట్టు కదిలే నడిమి భాగం వెడల్పులో పావు శాతం. అంటే అక్కడ కేసన్‌తో పెద్ద తేడా రాదు. వేగం బాగా తగ్గించి, ఎర్రకణాలు నాణేల దొంతరల్లా పేరుకునే స్థితికి వెళ్తేనే అది అవసరమవుతుంది.

జవాబు: కోడ్_రాజు

కేసన్ నిజంగా వాడాల్సి వస్తే, షియర్ సున్నా అయ్యే చోట సాల్వర్ మొరాయిస్తుంది. 1987 నాటి పాపనస్తాసియు పద్ధతిలో ఎక్స్‌పొనెన్షియల్‌తో నున్నగా చేయండి. అంతకన్నా ముందు ఫై సున్నా, ఉష్ణజనకం సున్నా పెట్టి, పూర్తిగా వికసించిన ప్రవాహానికి నస్సెల్ట్ సంఖ్య (గోడకూ ద్రవానికీ మధ్య ఉష్ణబదిలీని సూచించేది) సరిచూసుకోండి. రెండు గోడల ఉష్ణోగ్రతా సమానంగా, స్థిరంగా ఉంటే 7.54, రెండు గోడల నుంచీ స్థిర ఉష్ణప్రవాహం ఉంటే 8.235 రావాలి.

ప్రశ్న: లావణ్య_గణితం

మూర్తి గారూ, రాజు గారూ, చాలా థాంక్స్. ఇలా పెడుతున్నాను (ఎస్ఐ ప్రమాణాల్లో): సాంద్రత 1050, విశిష్టోష్ణం 3600, వాహకత 0.5, స్నిగ్ధత 0.0035 పాస్కల్-సెకను. ప్రాంట్ల్ సంఖ్య (స్నిగ్ధత, ఉష్ణవ్యాప్తుల నిష్పత్తి) 25 వస్తోంది, రేనాల్డ్స్ సంఖ్య (జడత్వ, స్నిగ్ధత బలాల నిష్పత్తి) 0.3. లోపలికి వచ్చే రక్తం 37 డిగ్రీలు, లేజర్ పడే చోట 43. స్నిగ్ధతను స్థిరంగా ఉంచేయొచ్చా సర్?

జవాబు: మూర్తి_విస్కోమీటర్

వద్దమ్మా. డిగ్రీకి సుమారు 2 శాతం తగ్గుతుంది, 43కి చేరేసరికి పదోవంతుకు పైనే. మీ నానోకణాలు వాహకతలో తెచ్చే మార్పు దీని ముందు చాలా చిన్నది. కాబట్టి స్నిగ్ధతను ఉష్ణోగ్రతతో ముడిపెట్టి, వేగం, వేడి సమీకరణాలను కలిపే సాధించండి. 50 డిగ్రీల దగ్గర ఎర్రకణాల పొరే చిట్లుతుంది, ఆ పైన ఈ మోడల్ చెల్లదు. గ్రాఫును 45 దగ్గర ఆపేయండి.