‘ఎక్స్‌ప్లనేటరీ’ని ప్రతిచోటా ‘వివరణాత్మక’ అనొచ్చా?

నిఘంటుప్రియ: ‘సెల్ఫ్-ఎక్స్‌ప్లనేటరీ’కి ‘స్వీయ వివరణాత్మక’ అని రాస్తే పంటికింద రాయిలా ఉంది. అసలు ‘ఎక్స్‌ప్లనేటరీ’ అనే మాట ఎలా పుట్టింది, ఎలా వాడాలి?

పదమూలం: లాటిన్‌లో ‘ప్లానుస్’ అంటే చదునైనది. ‘ఎక్స్‌ప్లానారే’ అంటే ఎగుడుదిగుళ్లు లేకుండా చదును చేయడం. విషయాన్ని తేటపరచడం అనే అర్థం దాన్నుంచే వచ్చింది. ఇంగ్లీషులో ఈ విశేషణం 17వ శతాబ్దం తొలినాళ్ల నుంచి ఉంది. ‘ఎక్స్‌ప్లికేట్’ వేరు, దాని మూలార్థం మడతలు విప్పడం. మనం ‘విప్పి చెప్పు’ అంటామే, అచ్చం అదే. ‘వివరణ’లోనూ మూసినదాన్ని తెరవడం ఉంది: వి + వృ.

స్పెల్లింగులో ఎక్కువమంది తడబడేది ‘ఐ’ దగ్గర. ‘ప్లెయిన్’ ప్రభావంతో ‘ఎక్స్‌ప్లెయిన్’లో ‘ఐ’ చేరింది. విశేషణం లాటిన్ రూపాన్నే పట్టుకుంది కాబట్టి ఇందులో ఉండదు. పలికేటప్పుడు ఊనిక రెండో అక్షరం మీద: ‘ఇక్స్‌ప్ల్యానటరీ’. ‘నే’ అని సాగదీయడం ‘ఎక్స్‌ప్లనేషన్’ నుంచి అంటుకున్న అలవాటు.

అనువాదకుడు: ‘ఎక్స్‌ప్లనేటరీ నోట్’కి ‘వివరణ’ చాలు, ‘డయాగ్రమ్’ అయితే ‘వివరించే బొమ్మ’. ‘ఆత్మక’ తగిలించిన కొద్దీ వాక్యం బరువెక్కుతుంది. ‘సెల్ఫ్-ఎక్స్‌ప్లనేటరీ’ని విశేషణంగా ఉంచే ప్రయత్నమే మానేయండి, క్రియతో ముగించండి: ‘చూస్తేనే తెలిసిపోతుంది’, ‘వేరే వివరణ అక్కర్లేదు’. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం మధ్య హైఫన్ వదలొద్దు.

‘ఆ టీచర్ చాలా ఎక్స్‌ప్లనేటరీ’ అనకూడదు. ఇది మాటకు, రాతకు, బొమ్మకు, సిద్ధాంతానికి చెల్లుతుంది గానీ మనిషికి కాదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతారనాలంటే ‘ఎక్స్‌ప్లెయిన్స్ క్లియర్లీ’ అనాలి.

గణాంకం: మా శాస్త్రంలో ‘ఎక్స్‌ప్లనేటరీ వేరియబుల్’ ఉంది. దిగుబడిలో హెచ్చుతగ్గులను వర్షపాతం, ఎరువుల మోతాదుతో వివరించబోతే ఆ రెండూ ఈ కోవలోకి వస్తాయి. వీటికే ఉన్న మరో పేరు ‘ఇండిపెండెంట్ (స్వతంత్ర) వేరియబుల్’ కంటే ఇదే మేలు, ఎందుకంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండొచ్చు. కానీ పేరులో వివరణ ఉందని కారణం రుజువైనట్టు రాయకండి.

నిఘంటుప్రియ: బాగా తేటపడిందండీ. మరి ‘ఎక్స్‌ప్లికబుల్’?

పదమూలం: అది వివరించదగినది, ఇది వివరించేది. ఒక వింత ‘ఎక్స్‌ప్లికబుల్’ కావచ్చు. దానికి మనం రాసే టీక ‘ఎక్స్‌ప్లనేటరీ’.