చేయెత్తిన వాడి బాధ్యత ఎంత? గుంపు ఒత్తిడి మీద ఒక చర్చ

కాశీనగర్ మాస్టారు (గజపతి జిల్లా):

గత మాఘమాసంలో మా ఊరి రామమందిరం అరుగు మీద జరిగిన ఒక సమావేశం నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు. అందుకే ఆ విషయాన్ని మీ అందరి ముందు పెట్టి ఒక ప్రశ్న అడగదలిచాను. వంశధార ఒడ్డున ఉన్న మా ఊళ్లో తెలుగువాళ్లమూ ఒడియావాళ్లూ కలిసే ఉంటాం. తగాదా ఏదైనా ముందు పెద్దమనుషుల దగ్గరికి రావాలన్న కట్టుబాటు ఇద్దరికీ ఒకటే. పొలం గట్టు తగాదాలో ఒక రైతు ఆ కట్టుబాటు దాటి నేరుగా పోలీసు ఠాణాకు వెళ్లాడు. ఇక మీదట ఆ కుటుంబంతో ఎవరూ మాట్లాడకూడదనీ, వారి కిరాణా కొట్లో ఎవరూ సరుకు కొనకూడదనీ, మాట్లాడినవారు ఐదు వేలు తప్పు కట్టాలనీ పెద్దలు నిర్ణయించి, సమ్మతించినవారు చేతులెత్తమన్నారు.

ముందు వరుసలో నాలుగు చేతులు వెంటనే లేచాయి. తర్వాత కాసేపు ఏమీ జరగలేదు. ఆ పైన వెనక వరుసల్లో ఒకటొకటిగా లేవడం మొదలైంది. నా చేయి చెవి దాకా వెళ్లి అక్కడ ఆగింది. ఎడమ పక్కన కూర్చున్న పొరుగింటాయన నా వైపు చూశాడు. ఆయన చూపు పడగానే నేను చేయి పూర్తిగా ఎత్తాను. ఇంటికి నడిచి వస్తున్నప్పుడు ఆయన, "మాస్టారూ, చదువుకున్నవారు, ఏదో ఆలోచించే ఎత్తి ఉంటారని నేనూ ఎత్తేశాను" అన్నాడు. నేను ఎత్తింది ఆయన చూశాడని. ఆయన ఎత్తింది నన్ను చూసి.

బి.ఎడ్. చదివిన రోజుల్లో సాలమన్ యాష్ ప్రయోగాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టాను. 1951లో వెలువడిన ఆ ప్రయోగంలో ఒక గీతను చూపించి, దానితో సమానమైన గీత మూడింటిలో ఏదో చెప్పమంటారు. గదిలో ఒక్కడే అసలు వ్యక్తి. మిగిలినవారంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెబుతారు. కళ్లెదుట కనబడుతున్న దాన్ని కాదని, నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపుతో కలిసి తప్పు చెప్పారు. 1963లో స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రకటించిన ప్రయోగంలో, పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా మీట నొక్కి కరెంటు షాకు పెంచుతూ పొమ్మంటారు. ఆ మనిషి గోడ బాదినా, ఆ తర్వాత అటునుంచి చప్పుడే ఆగిపోయినా, 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. ఆ షాకులు ఉత్తుత్తివని వారికి తెలియదు. గీతల పొడవు దగ్గరే మనిషి ఇలా లొంగిపోతుంటే, పుట్టి పెరిగిన ఊరంతా ఎదురుగా కూర్చున్నప్పుడు ఒక్కడు నిలబడతాడని ఎలా అనుకోగలం? మనిషి చేత పనులు చేయించేది పరిస్థితేననీ, కనుక వ్యక్తిని నిందించడం న్యాయం కాదనీ నా అభిప్రాయం. కాదనేవారు ఉంటే చెప్పండి, వింటాను.

గుణుపురం విశ్రాంత అధ్యాపకురాలు (రాయగడ జిల్లా):

మాస్టారూ, జరిగింది జరిగినట్టు చెప్పినందుకు మీకు నమస్కారం. కానీ మీరు చివర తేల్చిన అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. ముప్పై ఏళ్లు మనస్తత్వశాస్త్రం పాఠం చెప్పినదాన్ని గనుక, యాష్ ప్రయోగాన్ని మనవాళ్లు సగమే చదివి వదిలేయడం చూసి బాధపడుతూనే ఉన్నాను. గుంపు తప్పు చెప్పిన సందర్భాలన్నీ లెక్క వేస్తే, దానితో కలిసి చెప్పిన జవాబులు సుమారు 37 శాతం మాత్రమే. అంటే మూడింట రెండు వంతులకు దగ్గరగా, ఆ మనుషులు ఒంటరిగా ఉండి కూడా తాము చూసిందే చెప్పారు. నలుగురిలో ఒకరు మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా లొంగలేదు. లొంగినవారిని యాష్ తర్వాత కూర్చోబెట్టి అడిగితే కొందరు తమ చూపే తప్పేమో అనుకున్నామన్నారు, మరికొందరు నిజం తెలిసినా నలుగురిలో వేరుగా కనబడడం ఇష్టం లేకపోయిందన్నారు. 1955లో డాయిష్, జెరార్డ్ అనే పరిశోధకులు ఈ రెండింటినీ స్పష్టంగా విడదీశారు. మొదటిది, నలుగురికీ తెలిసింది నాకు తెలియదేమోనన్న సందేహం. రెండవది, నలుగురికీ కానివాణ్ణవుతానేమోనన్న జంకు. మీ పొరుగింటాయనది సందేహం. మీది జంకు. ఈ రెండూ ఒకటే అనుకుంటే మీ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అదే గదిలో ఇంకొక్కడు నిజం చెప్పేటట్టు యాష్ ఏర్పాటు చేసినప్పుడు, లొంగుబాటు మునుపటిలో నాలుగో వంతుకు పడిపోయింది. ఆ తోడు మధ్యలో గుంపు వైపు తిరిగిపోతే మళ్లీ మొదటికే వచ్చింది. మిల్‌గ్రామ్ ప్రయోగంలోనూ, తోటివారు ఇద్దరు మధ్యలో లేచి ఇక మేము చేయమన్నప్పుడు, 40 మందిలో చివరి దాకా వెళ్లినవారు నలుగురే. పరిస్థితి చేయించిందని మీరంటున్నారు, నేను కాదనను. కానీ పరిస్థితి అన్నది ఆకాశం నుంచి ఊడిపడదు కదా! ఆ రాత్రి మీ పొరుగాయనకు పరిస్థితి అంటే మీరే. మీ చేయి చెవి దగ్గరే ఆగి ఉంటే, ఆయన చేయి కూడా ఒళ్లోనే ఉండేది.

రాయగడ వ్యాపారి:

అమ్మగారు చెప్పిన లెక్కలు సరైనవే కావచ్చు. అయితే ఆ గదిలో తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా, గంట తర్వాత ఎవరి దారిన వారు వెళ్లిపోయారు. మాస్టారు అలా వెళ్లలేరు. కాలువ నీటి వంతు రావాలన్నా, ఇంట్లో పెళ్లి జరగాలన్నా, చావు జరిగితే పాడె మోయాలన్నా ఆయనకు ఆ నలుగురే దిక్కు. ఠాణాకెక్కిన గట్టు తగాదా కోర్టుల్లో ఏళ్ల తరబడి నలుగుతుంది; పెద్దల ముందు ఒక పూటలో తేలుతుంది. ఆ కట్టుబాటును ఒకడు దాటితే రేపు పది మంది దాటుతారు. అందువల్ల మాస్టారు చేసినదాన్ని నేను పిరికితనం అనను. ఊళ్లో బతకాలనుకునేవాడి ఇంగితం అంటాను.

గుణుపురం విశ్రాంత అధ్యాపకురాలు:

మీరు చెప్పిన ఖరీదు నిజమైనదే, ప్రయోగశాలలో అంత ఖరీదు లేదు. మన వంటి సమాజాల్లో గుంపు మాటకు బరువు ఎక్కువన్నది కూడా పరిశోధనల్లో కనబడుతుంది: 17 దేశాల్లో జరిగిన 133 యాష్ తరహా ప్రయోగాలను బాండ్, స్మిత్ 1996లో కలిపి చూసినప్పుడు, వ్యక్తి కంటే సమూహాన్ని ముందు పెట్టే దేశాల్లో లొంగుబాటు ఎక్కువగానే తేలింది. ఇక్కడి దాకా మీతో ఉన్నాను. పెద్దల తీర్పు త్వరగా తేలుతుందన్నదీ ఒప్పుకుంటాను. అయితే మీరు ఒక విషయాన్ని తేల్చకుండానే తేలిందని అనుకుంటున్నారు. ఊరు నిజంగానే ఆ వెలిని కోరుకుందా? చేతులు లెక్కపెట్టి కోరుకుందని చెప్పడం కుదరదు. ముందు వరుసలోని నలుగురు కోరుకున్నారు, అంతవరకే మనకు తెలుసు. మిగిలినవారిలో ప్రతి ఒక్కరూ తనకు మాత్రమే ఇష్టం లేదనుకుని, పక్కవారందరికీ ఇష్టమేననుకుని చేయెత్తి ఉండవచ్చు. మాస్టారి ఇంటిదారిలో జరిగిన సంభాషణే దానికి సాక్ష్యం.

సౌదీ అరేబియా రాజధాని రియాద్‌లో పెళ్లైన యువకులను ముగ్గురు ఆర్థికవేత్తలు ఇదే విధంగా పరిశీలించి 2020లో ప్రకటించారు. భార్యలు బయట ఉద్యోగం చేయడం అత్యధికులకు సమ్మతమే. కానీ తోటివారికి మాత్రం సమ్మతం కాదని వాళ్లు అనుకుంటున్నారు. తోటివారి అసలు అభిప్రాయం ఇదీ అని చెప్పిన తర్వాత, భార్యల పేరు ఉద్యోగాల కోసం నమోదు చేయించడానికి ఎక్కువ మంది ముందుకు వచ్చారు. వారి నమ్మకాన్ని మార్చే ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేదు. పక్కవాడి మనసులో ఉన్నది తెలిసింది, అంతే. చేతులెత్తించే బదులు చీటీల మీద రాయించి చూడండి, మీ ఊరి మనసు తెలుస్తుంది. గుంపు ముందు నోటితో చెప్పించకుండా కాగితం మీద రాయనిచ్చినప్పుడు యాష్ దగ్గర కూడా తప్పులు బాగా తగ్గాయి.

పర్లాకిమిడి చదువరి:

ఒక్కడి మాట చెల్లదనేవారికి మా ఊరి పేరే జవాబు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు ఇక్కడే బడిపంతులుగా పనిచేస్తూ సవరల భాష నేర్చుకున్నారు, ఇక్కడి నుంచే వాడుక భాష కోసం పోరాడారు. పండితులలో అత్యధికులు ఆయనకు ఎదురుగా నిలిచారు. అయినా ఆయన సభ తరవాత సభలో అదే మాట చెప్పారు, 1919లో 'తెలుగు' పేరుతో సొంత పత్రిక పెట్టి మరీ చెప్పారు. ఆయన 1940లో కన్నుమూశారు. ఈరోజు మనం ఈ చర్చను రాసుకుంటున్న భాష ఆయన గెలిపించినదే. ఒకే మాట మీద నిలబడితే కొద్దిమంది మాటకూ బరువుంటుంది. 1969లో సెర్జ్ మోస్కోవిచి బృందం చేసిన ప్రయోగంలో ఆరుగురిలో ముందే కూడబలుక్కున్న ఇద్దరు నీలం రంగు పలకలను ప్రతిసారీ ఆకుపచ్చ అని చెబితే, మిగిలినవారి జవాబుల్లో 8 శాతానికి పైగా ఆకుపచ్చ అయ్యాయి. ఆ ఇద్దరే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చెప్పినప్పుడు అది సుమారు 1 శాతానికి పడిపోయింది. ఎనిమిది చిన్న అంకెలా కనబడవచ్చు. కానీ కళ్లకు కనబడే రంగు విషయంలోనే ఇది జరిగిందని మరవకండి.

రాయగడ జిల్లా నుంచి, ఒక తల్లి:

ఇంతవరకు అందరూ చేయెత్తినవారి గురించే మాట్లాడారు. ఎవరి మీద చేతులు లేచాయో వారి వైపు నుంచి నేను చెబుతాను. మా నాన్నగారిని వెలివేసినప్పుడు నాకు పదకొండేళ్లు. కారణం ఇప్పుడు అనవసరం. మేము బోరింగు దగ్గరికి బిందె తీసుకెళితే, ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒకరి తర్వాత ఒకరు నిండని బిందెలతోనే పక్కకు జరిగిపోయేవారు. తిట్టినా బాగుండుననిపించేది మా అమ్మకు. పర్లాకిమిడి చదువరి గారూ, గిడుగు వారిని నేనూ గౌరవిస్తాను. అయితే ఆయనకు సభలో గురజాడ వంటి మిత్రులు ఉన్నారు, ఇంట్లో నీళ్లు ఉన్నాయి. మాకు ఆ రెండూ లేవు.

అధ్యాపకురాలు గారు చెప్పినట్టు, ఊళ్లో చాలామందికి మా మీద కోపం లేదన్నది నిజమే అయి ఉండవచ్చు. నాకు ఆ సంగతి ఎప్పుడు తెలిసిందో చెప్పనా? పదిహేనేళ్లు గడిచిన తర్వాత, నా పెళ్లికి వచ్చినవారు ఒక్కొక్కరూ అమ్మ చేయి పట్టుకుని, "ఆ రోజు నాకు మనసొప్పలేదు వదినా" అని చెప్పినప్పుడు. అమ్మ అందరికీ తల ఊపింది. అంతమందికి మనసొప్పకపోతే ఆ పనిని చేసింది ఎవరని ఆ రాత్రి నన్ను అడిగింది. ఆ రెండేళ్లలో ఒక్క ముసలమ్మ మాత్రం, చీకటి పడ్డాక మా పెరటి గోడ మీద మునగాకు కట్ట పెట్టి వెళ్లేది. మాట్లాడితే తప్పు కట్టాలి, ఆకు పెడితే కట్టమని ఎవరూ అనలేదు. మా నాన్నగారు ఊరు వదిలిపోకుండా ఉండడానికి కారణం ఆ ఆకే అని అమ్మ ఇప్పటికీ అంటుంది. మాస్టారూ, మీరు దోషులా కాదా అని తేల్చుకోవడంలో కాలం గడపకండి. ఆ ఇంట్లో పిల్లలు ఉన్నారా? వారు మీ బడికే వస్తారా?

దెగ్లూర్ న్యాయవాది (నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర):

మా వైపు కుల పంచాయతీల వెలి ఎంత బాధ పెట్టిందంటే, దాని కోసం ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. 2017 జూలైలో అమల్లోకి వచ్చిన మహారాష్ట్ర చట్టం ప్రకారం సామాజిక బహిష్కారం నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చట్టం గుంపు మనసును మార్చదని నాకు తెలుసు. కానీ సమావేశంలో లేచి నిలబడాలనుకునేవాడికి, "ఇది నా సొంత అభిప్రాయం కాదు, ఇలా చేస్తే కేసు అవుతుంది" అని చెప్పుకునే వీలు కల్పిస్తుంది. జంకు ఉన్నవారికి ఆ ఆసరా చిన్నది కాదు.

కాశీనగర్ మాస్టారు:

అమ్మా, ఉన్నారు. ఇద్దరు ఆడపిల్లలు, ఒకమ్మాయి నా తరగతిలోనే, ఏడవ తరగతి. మీరు అడిగే దాకా ఆ పిల్ల ఆఖరి బల్ల మీద ఒక్కతే కూర్చుంటోందని నేను గమనించలేదు. గమనించలేదని చెప్పడం కూడా పూర్తి నిజం కాదు, అటు చూడకుండా పాఠం చెబుతున్నాను. సోమవారం బల్లలు మార్పించాను.

పరిస్థితే చేయించిందని మొదట రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఈ పది రోజుల్లో సాయంత్రం పూట ఏడు ఇళ్లకు వెళ్లి, ఆ రోజు మీ మనసులో ఏముందని ఒక్కొక్కరినే అడిగాను. ఐదు ఇళ్లవారు తమకు ఇష్టం లేదనే అన్నారు. ఒకరు జవాబు చెప్పలేదు. ఒకరు, అతను ఠాణాకు వెళ్లడం తప్పే, వెలివేయడం సరైనదే అన్నారు. ఆ మాట కూడా నేను విన్నాను. చీటీల సంగతి పెద్దల ముందు పెడితే, ఊళ్లో దాపరికం ఎందుకని వారు ఒప్పుకోలేదు. అయితే శ్రీరామనవమి తర్వాత విషయాన్ని మళ్లీ ఎత్తడానికి అభ్యంతరం లేదన్నారు.

నిన్న పొద్దున ఆ కొట్టుకు వెళ్లి అర కిలో పంచదార అడిగాను. మాట్లాడితే నాకు తప్పు పడుతుందని కాబోలు, ఆ ఇల్లాలు పెదవి విప్పలేదు. తూచి, పొట్లం కట్టి, చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. నేను బయటికి వచ్చేసరికి పొరుగింటాయన వీధి మలుపులో నిలబడి చూస్తున్నాడు. నా చేతిలోని పొట్లం వైపు చూసి, నవమి సమావేశానికి తాను కూడా వస్తాననీ, ఈసారి ఇద్దరం ముందు వరుసలోనే కూర్చుందామనీ అన్నాడు.