మిన్నెసోటా చలికాలం: పాంటూన్ బోటును సరస్సులోనే వదిలేయొచ్చా, గట్టెక్కించాలా?

గట్టుమీది ఇల్లు:
సరస్సు మిన్నెసోటాలో. బోటు 22 అడుగుల పాంటూన్: డెక్కు కింద తేలడానికి రెండు అల్యూమినియం ట్యూబులు, ఒక్కోటి 25 అంగుళాల వ్యాసం, వెనక 90 హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజిన్. డాక్ దగ్గర లోతు నాలుగడుగులు. బోట్ లిఫ్ట్ (నీళ్లలో కాళ్ల మీద నిలబడి బోటును పైకెత్తే చట్రం) ఉంది, ట్రెయిలర్ లేదు. ఇరుగుపొరుగు తలా ఒక మాట చెబుతున్నారు. ట్యూబులు గుండ్రం కాబట్టి ఐస్ నొక్కినా బోటు పైకి జారుతుంది, నీళ్లలోనే ఉంచమని ఒకరు. డీ-ఐసర్ (నీటిని కదిలిస్తూ ఐస్ కట్టనివ్వని మోటారు) పెట్టమని ఒకరు. లిఫ్ట్ మీద పైకెత్తి వదిలేయమని ఇంకొకరు. గట్టెక్కించాలంటే ఖర్చూ మనుషులూ కావాలి. అంత అవసరమా?

అల్యూమినియం వెల్డర్:
అవసరమే. "పైకి జారుతుంది" అన్నది సగమే నిజం. ట్యూబు సగం కంటే తక్కువ మునిగిన చోట ఐస్ దాన్ని కొంత పైకి నెట్టగలదు. కానీ ఇంజిన్, పెట్రోలు ట్యాంకు బరువంతా వెనకే. అక్కడ ట్యూబు సగానికి మించి మునుగుతుంది. నీటిమట్టం సగం దాటిందంటే, పైన ట్యూబు లోపలికి ఒంపు తిరిగిన చోట ఐస్ దాన్ని మీదనుంచి పట్టేస్తుంది. ముందుభాగం లేవాలని చూస్తుంది, వెనకభాగం ఇరుక్కుని ఉంటుంది. ఆ మెలి అంతా డెక్కు కింది క్రాస్‌మెంబర్ల (అడ్డ దూలాల) మీదా, వాటిని ట్యూబుకు కలిపే బ్రాకెట్ల వెల్డింగు మీదా పడుతుంది. ట్యూబుల పక్కన లిఫ్టింగ్ స్ట్రేక్‌లు (పొడవునా వెల్డ్ చేసిన అంచు పట్టీలు) ఉన్నాయా చూసుకోండి. ఉంటే ఐస్‌కు అవే పట్టు. అతుకు దగ్గర చీలిక వస్తే వేసవిలో ట్యూబు నిండేదాకా బయటపడదు.

పైగా పెద్ద నష్టం జనవరిలో కాదు, ఐస్ విడిపోయేటప్పుడు. ఒడ్డు వెంట ముందు కరుగుతుంది, నడిమి పలక గాలికి కదులుతుంది. ఎకరాల కొద్దీ ఐస్ గట్టు మీదికి తోసుకొస్తే ఉక్కు స్తంభాలే వంగుతాయి.

లోతునీళ్లు:
వెల్డర్ గారూ, డీ-ఐసర్‌ను అలా పక్కన పెట్టేయకండి. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అత్యంత బరువుగా ఉంటుంది, అందుకే అడుగున కాస్త వెచ్చని నీరు నిలుస్తుంది. అర హెచ్‌పీ మోటారు ఆ నీటిని పైకి తోస్తే బోటు చుట్టూ ఐస్ కట్టదు. కదలించలేని పెద్ద డాకులు, బోట్‌హౌస్‌లు ఉన్నచోట ఇదే చేస్తారు. థర్మోస్టాట్, టైమర్ పెడితే కరెంటు కూడా తగ్గుతుంది.

ఐస్ మీద చేపలవాడు:
పదీ పన్నెండు అడుగుల లోతులో మీ మాట ఒప్పుకుంటాను. అడిగిన వారికి ఉన్నది నాలుగడుగులు. వెచ్చని నీటి నిల్వే తక్కువ. కొన్నాళ్లు గట్టిగా తిప్పితే అడుగుదాకా చల్లబడుతుంది, ఆ తర్వాత మోటారు సున్నా డిగ్రీల నీటినే చుట్టూ తిప్పుతుంటుంది. అర హెచ్‌పీ అంటే దాదాపు అరకిలోవాటు, ఆపకుండా నడిస్తే రోజుకు 12 యూనిట్లు. తుఫాను రాత్రి కరెంటు పోతే తెల్లారేసరికి తెరిచి ఉంచిన నీరంతా గడ్డకడుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయిన సంగతి మనవాళ్లందరికీ తెలిసిందే. కరెంటు మీద ఆధారపడే రక్షణ అది ఎక్కువ కావలసిన రోజే చేతులెత్తేస్తుంది.

ఇంకోటి, ఇది మీ ఒక్కరి వ్యవహారం కాదు. ఐస్ మీద జనం నడుస్తారు, స్నోమొబైళ్లు పరిగెడతాయి. మిన్నెసోటాలో పబ్లిక్ వాటర్స్‌లో ఇలాంటి పరికరం నడపాలంటే డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) పర్మిట్ కావాలి, పల్చని ఐస్ అని హెచ్చరిక బోర్డులు పెట్టాలి. మనుషులు మునిగిపోగల చోటు చేసి, బోటు బాగుంది కదా అనుకోవడం నాకు సమ్మతం కాదు.

లేనియర్ తీరం:
అట్లాంటా పక్కన లేక్ లేనియర్‌లో పాంటూన్లు ఏడాదంతా నీళ్లలోనే ఉంటాయి. ఆ సలహాలు చదివి మిన్నెసోటాలో పాటించొద్దు. లేనియర్ గడ్డకట్టదు. అక్కడి సమస్య నీటిమట్టం. నిండు మట్టం వేసవిలో 1071 అడుగులు, శీతాకాలం 1070. వానలు లేకపోతే ఇంకా దిగుతుంది. డాకును సరస్సు లోపలి వైపు జరపకపోతే ఒక ట్యూబు నేల మీద, ఒకటి నీళ్లలో మిగులుతుంది.

అల్యూమినియం వెల్డర్:
లిఫ్ట్ మీద ఉంచడం నీళ్లలో ఉంచడం కంటే నయం అనిపిస్తుంది గానీ కాదు. లిఫ్ట్ కాళ్లు ఐస్‌లో బిగుసుకుంటాయి. పలక కదిలితే కాళ్లతో పాటు పైనున్న బోటూ ఒరుగుతుంది. లిఫ్ట్‌ను కూడా బయటికి తీయాలి. పాత లిఫ్ట్‌ను ఇంకో సరస్సు నుంచి తెచ్చుకుంటే 21 రోజులు ఆరబెట్టాకే నీళ్లలో దించాలి, అది చట్టం. ఇక్కడి మిన్నెటోంకా సరస్సులో 2010లోనే జీబ్రా మస్సెల్స్ (బయటినుంచి వచ్చి వ్యాపించే చిన్న ఆల్చిప్పలు) బయటపడ్డాయి, వాటిని మోసుకెళ్లేవి ఇలాంటి సామానే.

గట్టెక్కించే పద్ధతి: నీటిమట్టం నుంచి బాగా ఎత్తుకు, పాత ఐస్ తోపు మట్టిని గుట్టగా పోసిన గీతకు అవతలికి చేర్చండి. ఒక్కో ట్యూబు కింద కనీసం మూడుచోట్ల, సరిగ్గా క్రాస్‌మెంబర్ల కింద దిమ్మెలు పెట్టండి. వాటి మధ్య ఖాళీలో పెడితే ట్యూబు సొట్టపడుతుంది. ప్రెషర్ ట్రీటెడ్ కర్ర మాత్రం అల్యూమినియానికి తగలనీయొద్దు. అందులోని రాగి, తడి కలిస్తే లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. తడి కార్పెట్ ముక్కలు కూడా వద్దు. మామూలు కర్ర మీద మందపాటి ప్లాస్టిక్ పలక వేయండి. ముందుభాగం నాలుగైదు అంగుళాలు ఎత్తుగా ఉంచి, ట్యూబుల వెనక డ్రెయిన్ ప్లగ్గులు ఉంటే తీసేయండి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతుంది, లోపల మిగిలిన బకెట్ నీళ్లు చాలు అతుకు విప్పడానికి.

గేర్ ఆయిల్:
ఇంజిన్ గురించి ఎవరూ ఎత్తలేదు. లోయర్ యూనిట్ (ఇంజిన్ అడుగున గేర్లు, ప్రొపెల్లర్ ఉండే భాగం) కింద పళ్లెం పెట్టి కింది స్క్రూ, తర్వాత పై స్క్రూ తీయండి. ఆయిల్ పాలలా తెల్లగా వస్తే నీరు చేరినట్టే. ప్రొపెల్లర్ తీసి చూడండి, వెనక చుట్టుకున్న చేపల గాలం దారం షాఫ్ట్ సీలును కోసి ఉండొచ్చు. సీలు మార్చకుండా వదిలితే ఆ నీరే గడ్డకట్టి హౌసింగ్‌ను పగలగొడుతుంది. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి పంపుతో ఎక్కించండి, పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా కారేదాకా. ముందు పై స్క్రూ బిగించి, తర్వాత పంపు తీసి కింది స్క్రూ. రెండిటికీ కొత్త వాషర్లు. ఇంజిన్‌ను నిటారుగా దించి ఉంచండి. పైకి వాల్చి ఉంచితే కరిగిన స్నో ప్రొపెల్లర్ హబ్ నుంచి ఎగ్జాస్ట్‌లోకి దిగి అక్కడే గడ్డకడుతుంది.

బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చేయండి. పూర్తిగా దిగిపోయిన లెడ్ ఆసిడ్ బ్యాటరీ 20 ఫారెన్‌హీట్ దగ్గరే గడ్డకట్టగలదు.

లోతునీళ్లు:
నాలుగడుగుల లోతు విషయంలో చేపలవాడి మాట సరే. కానీ పెట్రోలు ట్యాంకు ఖాళీ చేయమని చాలామంది చెబుతారు, దాని సంగతేంటి?

గేర్ ఆయిల్:
డెక్కు కింది ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయడం కుదరదు, అడుగున కొంత మిగులుతుంది. ఖాళీ జాగాలో గాలి తడి చెమ్మగా దిగుతుంది, పెట్రోలులో కలిపి ఉండే ఇథనాల్ ఆ నీటిని పీల్చుకుని పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరుతుంది. ఇంజిన్ పీల్చేది ఆ అడుగునుంచే. ఇథనాల్ లేని పెట్రోలు 90 నుంచి 95 శాతం నింపండి, స్టెబిలైజర్‌ను (పెట్రోలు పాడవకుండా కలిపే మందు) డబ్బా మీది నిల్వ మోతాదులో కలపండి, ఇయర్‌మఫ్‌లకు (ఇంజిన్ నీళ్లు పీల్చే రంధ్రాల మీద బిగించే కప్పులు) గొట్టంతో నీళ్లిచ్చి పదిహేను నిమిషాలు నడపండి. స్టెబిలైజర్ ఇంజెక్టర్లదాకా చేరాలి, ట్యాంకులో పోసి ఊరుకుంటే చేరదు. నీళ్లు లేకుండా నడిపితే ఇంపెల్లర్ (నీళ్ల పంపులోని రబ్బరు చక్రం) నిమిషాల్లో కాలిపోతుంది.