తల్లి పోయిన లాబ్రడార్ పిల్లని డబ్బిచ్చి తెచ్చుకోవచ్చా?

కొబ్బరాకు (భీమవరం):
పాలకొల్లు దగ్గర ఒకాయన లాబ్రడార్ పిల్లల్ని అమ్ముతున్నాడండి. ఈనిన నాలుగో రోజునే తల్లి చచ్చిపోయిందట. ఆరింటిలో రెండే మిగిలాయి. ఇంట్లో ఆడవాళ్లు సీసాతో పాలు పట్టి పెంచారు. ఇప్పుడు ఐదు వారాలు. మామూలు ధరలో సగం చెబుతున్నాడు, కానీ ఈ ఆదివారమే పట్టుకెళ్లిపోమంటున్నాడు. మా ఆవిడ "తల్లి లేని పిల్ల, పుణ్యం వస్తుంది" అంటోంది. మా అన్నయ్యేమో "తల్లి దగ్గర పెరగని కుక్క కరుస్తుంది, ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడున్నాడు, చూసుకో" అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

చెరువుగట్టు:
పుణ్యానికి సగం రేటేంటండీ బాబూ! పుణ్యమే అయితే ఊరికే ఇమ్మనండి. ఆ తల్లిని ఎన్ని ఈతలు ఈనించాడో అడిగారా? మీరిచ్చే డబ్బుతో ఇంకో ఆడకుక్కని తెస్తాడు, అంతే. మా రొయ్యల చెరువుల మీద కాపలా కుక్కలన్నీ నాటువే, ఒక్కదానికీ పైసా పెట్టలేదు. మన ఎండకీ ఉక్కకీ అవే ఆగుతాయి. తల్లి లేని పిల్లలు కావాలంటే బైపాసు పక్కన ఎన్ని లేవు?

లంక అక్క (రాజోలు వైపు):
పెంచినదాన్ని కాబట్టి చెబుతున్నా. 2022 జులై వరదల్లో ఏటిగట్టు మీద దొరికిన పిల్ల, కళ్లు కూడా తెరవలేదు. ఆవుపాలు పడితే ఒకటే విరేచనాలు. కుక్కపాలలో కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువ, ఆవుపాలు దానికి సరిపోవని డాక్టరు చెప్పి, కుక్కపిల్లల పాలపొడి రాసిచ్చారు. మొదట్లో రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి పట్టాలి. పసిపిల్లని పడుకోబెట్టినట్టు వెల్లకిలా పెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, బోర్లానే ఉంచాలి. పట్టాక తడి దూదితో కింద తుడిస్తే గానీ ఒంటికి పోదు. ఇదంతా చేసిన ఇల్లాలికి సగం రేటు తీసుకునే హక్కు లేదంటే నేనొప్పుకోను చెరువుగట్టుగారూ.

ఇక కరవడం సంగతి. మా పిల్ల ఒంటరిగా పెరిగింది. బిస్కెట్ చూపిస్తే వేలితో సహా పట్టేసేది. కోపంతో కాదు, పన్ను ఎంత గట్టిగా దిగుతోందో దానికి తెలీదు. అమ్మా అని అరిస్తే ఇంకా సరదా అనుకునేది. పెద్దవాళ్లం కాబట్టి తట్టుకున్నాం. మా ఇంట్లో అప్పుడు నాలుగేళ్ల వాడుంటే మాత్రం భయపడేదాన్నే.

మందులచీటీ:
పశువైద్యంలో పనిచేస్తున్నాను. మీ అన్నయ్యగారి మాటలో సగమే నిజం. తల్లి పోయినంత మాత్రాన కుక్క కరవదు. మూడో వారం నుంచి పన్నెండు పద్నాలుగు వారాల దాకా ఆటల్లో అవి ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. అలా నేర్చుకుంటాయి. అక్కడ రెండు మిగిలాయంటున్నారు కదా, అది మంచి సంగతి. రెండూ ఒకే చోట పెరిగాయా, లేక ఒక్కోదాన్నీ ఒక్కో డబ్బాలో పెట్టారా, అది అడగండి. ఐదో వారంలో విడదీస్తే మాత్రం ఆ పాఠం మధ్యలోనే ఆగిపోతుంది. ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదని కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లోనే ఉంది.

అన్నిటికన్నా ముందు తల్లి ఎందుకు పోయిందో తేల్చుకోండి. ఈనాక గర్భసంచికి చీము పట్టడం, కాల్షియం పడిపోవడం లాంటివైతే పిల్లలకి అంటవు. మింగలేకపోవడం, చొంగ కార్చడం, ఉన్నట్టుండి మనుషుల మీద పడటం లాంటివి కనబడి ఉంటే రేబిస్ అని అనుమానించాలి. అప్పుడు కొనడం సంగతి అటుంచండి, వాటికి పాలు పట్టినవాళ్లు కూడా ఆస్పత్రికి వెళ్లాలి.

గోదారోడు:
ఆయ్, నిబంధనలు బాగానే ఉన్నాయండి. ఈయన వద్దంటే ఆదివారం సాయంత్రానికి ఇంకోడు పట్టుకుపోతాడు. వాడికి ఈ కరిచే లెక్కలేమీ తెలీవు. అంతకన్నా రెండూ ఈయనే తెచ్చేసుకుంటే పోలా? ఒకదానికొకటి తోడు.

మందులచీటీ:
వినడానికి బాగుంటుంది గానీ నేనైతే చెప్పను. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటే మనిషి మాట వినడం ఆలస్యమవుతుంది. పైగా టీకాలు, నులిపురుగుల మందులు, గోమార్ల మందులు అన్నీ రెండింతలు. చంటివాడున్న ఇంట్లో అంత పని ఎవరు చేస్తారు?

చెరువుగట్టు:
చూశారా, ఖర్చు ఇప్పుడు బయటికొస్తోంది. సగం రేటన్నది ఎర.

కొబ్బరాకు:
ఇప్పుడే ఫోన్ చేశానండి. రెండూ ఒకే గోనెసంచి మీద పడుకుంటాయట, పగలంతా పెరట్లో కొట్టుకుంటూనే ఉంటాయట. తల్లికి జ్వరం వచ్చి వాసనతో చీము పోయిందని, డాక్టరు సెలైను పెట్టినా దక్కలేదని చెప్పాడు. చీటీ చూపిస్తానన్నాడు. నాలుగు రోజులూ తల్లిపాలు తాగాయట. ఎనిమిది వారాల దాకా ఉంచమంటే, సగం అడ్వాన్సు, మూడు వారాల తిండి ఖర్చు ఇమ్మంటున్నాడు.

చెరువుగట్టు:
దాణా ఖర్చు కూడానా! రేపు అద్దె అడుగుతాడు.

లంక అక్క:
మూడు వారాలు రెండు కుక్కపిల్లలకి పెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది అడిగింది ఎక్కువో తక్కువో. నేనైతే ఇచ్చేస్తాను.

మందులచీటీ:
నాలుగు రోజులు తాగాయంటే ముర్రుపాలు అందినట్టే, అది పెద్ద ఊరట. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఆరో వారం నుంచీ తగ్గుతూ పోతుంది కాబట్టి ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా పడాలి. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. మొదటిది అమ్మేవాడి దగ్గరే వేయించి కార్డు తీసుకోండి. తిండి ఖర్చు ఇచ్చేటప్పుడే ఆ మాట అనేసుకోండి. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద వదలొద్దు. పార్వో అని, పిల్లల్ని వాంతులు విరేచనాలతో చంపేసే జబ్బు, దాని క్రిములు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. అలాగని గదిలో పెట్టి తాళం వేయకండి. ఎత్తుకుని తిప్పండి. మనుషులు, బళ్లు, పీర్ల డప్పులు, పెళ్లి బాజాలు అన్నీ ఈ వయసులోనే అలవాటవ్వాలి.

గోదారోడు:
అడ్వాన్సుకి రసీదు రాయించుకోండి సార్. పిల్లకి ఏదో ఒక గుర్తు కూడా చూసి పెట్టుకోండి. మూడు వారాల్లో రెండోది అమ్ముడుపోయి, మీది అదే అన్నా అనగలరు.

లంక అక్క:
రెండోది ముందే అమ్మేస్తే మీరు ఉంచమన్నదానికి అర్థమే లేదు. రెండూ అప్పటిదాకా కలిసే ఉండాలని కూడా రాయించండి. శనివారం చెప్పకుండా, పాలు పెట్టే వేళకి వెళ్లి చూడండి. మీ చెయ్యి గిన్నెలో పెట్టి చూడండి, గుర్రుమంటుందో లేదో. పిల్లాణ్ణీ మీ ఆవిణ్ణీ మాత్రం వెంట తీసుకెళ్లకండి. ఆ రోజే ఎత్తుకొచ్చేస్తారు.