పాఠమంతా నోటితో చెప్పే బాబు రాయలేకపోతున్నాడు, నాలుగో తరగతి మళ్ళీ చదివించాలా?

ప్రశ్న (దేవరకొండ నుంచి ఒక తల్లి):
అందరికీ నమస్కారం. మా బాబుకు తొమ్మిదేళ్ళు, ఇక్కడి ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతి చదువుతున్నాడు. విన్న పాఠం మర్చిపోడు, మండీకి పోయిన బత్తాయి లెక్క వాళ్ళ నాన్న కంటే ముందే నోటితో చెప్పేస్తాడు. చదవమంటే మాత్రం అక్షరం అక్షరానికీ ఆగిపోతాడు. ‘అమ్మ’ రాస్తే ఒత్తు ఎగిరిపోతుంది, ‘ప’కు ‘వ’ రాస్తాడు, బోర్డు మీది పాఠం దించుకుంటే మధ్యలో ఒక వరుస ఉండదు. అదంతా బద్ధకమేనని, వచ్చే ఏడు కూడా ఇదే తరగతిలో ఉంచుతామని బడివాళ్ళు అంటున్నారు. ఒప్పుకోవాలా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి ఒక ఉపాధ్యాయుడు):
ఒప్పుకోవద్దమ్మా. విద్యాహక్కు చట్టానికి 2019లో సవరణ వచ్చిన తరువాత కూడా ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్ప పిల్లలను ఆపే వీలు లేదు. పైగా, చదవడంలోనే చిక్కు ఉన్న పిల్లవాడికి అదే పాఠాన్ని అదే పద్ధతిలో మరో ఏడాది చెప్పినంత మాత్రాన ఆ చిక్కు తీరదు. ముందు కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించండి. అవి బాగుంటే డిస్లెక్సియా కావచ్చు, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బంది. అవునో కాదో నిపుణులే తేల్చాలి. మీ మండలంలో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వెళ్ళి అడగండి, అక్కడి రిసోర్స్ టీచర్లు తరువాత ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు.

అందాకా ఆగనవసరం లేదు. అట్టముక్కలో ఒక వరుస పట్టేంత కిటికీ కోసి పుస్తకం మీద జరుపుతూ చదివించండి. ఒత్తును వేరే రంగులో రాసి, ‘అమ్‌... మ’ అని విడదీసి పలికించి, ఆ తరువాతే రాయించండి. తరగతిలో అందరి ముందూ నిలబెట్టి చదివించవద్దని, తెలిసిన జవాబును నోటితో చెప్పనివ్వాలని టీచరును గట్టిగా కోరండి.

మళ్ళీ ఆ తల్లి:
చాలా కృతజ్ఞతలు సార్. డిస్లెక్సియా అని తేలాక వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే దివ్యాంగుడన్న ముద్ర పడుతుందని ఇంట్లో పెద్దవాళ్ళు భయపడుతున్నారు.

జవాబు (మిర్యాలగూడ నుంచి మరో తల్లి):
అక్కా, మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది. మా అమ్మాయిని ‘మొద్దు’ అని బడిలో పిలిచినప్పుడు ఏ కాగితమూ లేదు, ముద్ర మాత్రం అప్పటికే పడింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యమూ ఒకటి. సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళు నిండాకే ఇస్తారు, 14 ఏళ్ళకు, 18 ఏళ్ళకు మళ్ళీ పరీక్షిస్తారు. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్నవారికి రాతపరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. పదో తరగతి దగ్గరపడ్డాక పరుగెత్తడం కంటే, బాబు రాసిన నోటుబుక్కులు పారేయకుండా దాచి, వాటితో ఇప్పుడే బయలుదేరండి. డాక్టరు గారు మొదట అడిగేది అవే.